కూర్పులో ఉంది గురి

రైఫిల్‌లో మనిషి ఒంటికి తగిలే భాగం స్టాక్. వెనుక భుజానికి ఆనుతుంది, పైన చెంపకు తగులుతుంది, ముందు అరచేతిలో కూర్చుంటుంది. తూటా దాన్ని తాకదు. మందు కాలినప్పుడు పుట్టే వాయువు దాని జోలికి రాదు. అయినా అదే బారెల్, అదే పెట్టెలోని తూటాలు, స్టాక్ మారేసరికి వేరే చోట కొడతాయని తుపాకీ పని తెలిసినవాళ్లు నూరేళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు. ఆ మాటలో సందేహం లేదు. ఎందుకలా జరుగుతుందన్న దగ్గరే అభిప్రాయాలు చీలిపోతాయి. చర్చ ఎక్కువగా పదార్థం చుట్టూ తిరుగుతుంది: వాల్‌నట్ చెక్క మేలా, పొరలు అతికించిన ల్యామినేట్ మేలా, ఫైబర్‌గ్లాసా, కార్బన్ ఫైబరా, అల్యూమినియం చాసిసా అని. నేను ఈ ప్రశ్నను రెండో వరుసలో ఉంచుతాను. లోహపు యాక్షన్, అంటే బారెల్ వెనుక తూటాను బిగించి పేల్చే యంత్రభాగం, ఆ స్టాక్‌లో ఎలా కూర్చుంది, ప్రతి పేలుడు తర్వాతా వెంట్రుక వాసి తేడా లేకుండా మళ్లీ అదే చోటికి వస్తుందా అన్నది మొదటి ప్రశ్న. ఆ కూర్చోబెట్టే పనినే బెడ్డింగ్ అంటారు. పదార్థానికి గొప్పతనం ఏమైనా ఉంటే, ఆ కూర్పును ఎన్నాళ్లు, ఎన్ని రకాల వాతావరణాల్లో చెదరకుండా కాపాడగలదన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. 60 సెంటీమీటర్ల బారెల్ ఒక చివర యాక్షన్‌లో గట్టిగా బిగించి ఉంది, రెండో చివర గాలిలో ఉంది అనుకుందాం. స్టాక్ ముందు భాగం ఎక్కడో తగిలి ఆ కొసను పక్కకు పదో వంతు మిల్లీమీటర్ నెట్టింది. కంటికి ఆనని జరుగుడు అది. ఒక కొస బిగించిన కడ్డీ వంగే తీరు ప్రకారం ఆ కొస దగ్గర ఏర్పడే వంపు తూటాను 100 మీటర్ల దూరంలో సుమారు 25 మిల్లీమీటర్లు పక్కకు తీసుకుపోతుంది. 50 మీటర్లలో 12 మిల్లీమీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీకి వాడే టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం మొత్తం 10.4 మిల్లీమీటర్లే. అంటే కాగితం మందమంత జరుగుడు పదిని తొమ్మిది చేయగలదు. ఆ నెట్టుడు ఎప్పుడూ ఒకేలా ఉంటే సమస్య లేదు, సైట్లు సరిదిద్దుకుంటే సరిపోతుంది. ఒక తూటాకు ఉండి ఇంకో తూటాకు లేకపోయినా, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉన్నా ఏ సర్దుబాటూ పనికిరాదు.

పేలినప్పుడు జరిగేది మరీ త్వరగా జరుగుతుంది. ఒక మామూలు పెద్ద రైఫిల్‌లో తూటా బారెల్ దాటడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతు, కాస్త అటూ ఇటూ. తూటా ముందుకు కదిలిన క్షణం నుంచే రైఫిల్ వెనక్కి కదలడం మొదలవుతుంది. నాలుగున్నర కిలోల రైఫిల్, పది గ్రాముల తూటా అనుకుని లెక్క వేస్తే, తూటా ఇంకా గొట్టం లోపల ఉండగానే రైఫిల్ ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా వెనక్కి వచ్చేస్తుంది. ఆ కొద్ది సమయంలో యాక్షన్ అడుగున ఉండే చిన్న లోహపు దిమ్మె, రికాయిల్ లగ్ అనేది, స్టాక్‌లోని గోడను వెనక్కి తోస్తుంది. స్టాక్ బరువు ఒక కిలో అనుకున్నా, దాన్ని అంత త్వరగా కదిలించడానికి వంద కిలోలకు మించిన బరువు మోపినంత బలం కావాలి. ఆ గోడ మెత్తగా ఉంటే నలుగుతుంది. ఒక పక్క తగిలి రెండో పక్క తగలకపోతే యాక్షన్ మెలి తిరుగుతుంది. బిగించే మరలు రెండూ సమానంగా లాగకపోతే యాక్షన్ విల్లులా వంగి, పేలినప్పుడల్లా ఆ వంపు కొంచెం కొంచెం మారుతుంది. ఇదంతా బారెల్ కంపనానికి తోడవుతుంది. రైఫిల్ బారెళ్లు పేలుడుతో కంపిస్తాయని, తూటా బయటపడే క్షణంలో కొస ఎటు కదులుతోందన్నది లెక్కలోకి వస్తుందని 1901లోనే ఎ. మాలక్ అనే శాస్త్రవేత్త లండన్ రాయల్ సొసైటీ పత్రికలో గణితంతో చూపించాడు.

స్టాక్ నిజంగా ఏం చేస్తుందో తేల్చడానికి సూటైన దారి స్టాక్‌ను తీసేసి చూడడమే. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు ఆ పని చేశాడు. బారెల్‌కు కచ్చితమైన వలయాలు తొడిగి, కాంక్రీటు దిమ్మె మీద బిగించిన వి ఆకారపు గాడిలో పడుకోబెట్టి పేల్చేవాడు. భుజం లేదు, చెంప లేదు, చెక్క లేదు. తన పరిశీలనలను 1909లో పుస్తకంగా అచ్చు వేశాడు. స్టాక్ లేకపోయినా తూటాలు ఒకే రంధ్రంలో పడలేదు. తూటాల్లో బరువు ఒక పక్కకు ఉండడం, అవి గొట్టంలోకి ఒరిగి దూరడం లాంటి కారణాలను ఆయన ఓపికగా ఒక్కొక్కటే పట్టుకున్నాడు. ఆ పనిలో నాకు కనిపించే ముఖ్యమైన సంగతి ఇది: చెదిరిపోవడంలో పెద్ద వాటా బారెల్‌ది, తూటాది. స్టాక్ దాన్ని తగ్గించలేదు. చేయగలిగితే దానికి తన వాటా కలపగలదు, లేదా కలపకుండా ఉండగలదు. ఇప్పటికీ రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కొట్టే బెంచ్‌రెస్ట్ పోటీల్లో బరువుకు పరిమితి లేని విభాగంలో వాడే పట్టాల తుపాకులకు స్టాక్ అనదగ్గది ఏదీ ఉండదు. చాలా కాలం తర్వాత, 1998లో, శాండియా ప్రయోగశాలలో పనిచేసిన హెరాల్డ్ వాన్ రైఫిళ్లకు కంపనాలు కొలిచే పరికరాలు అమర్చి రాసిన పుస్తకంలో, బారెల్ యాక్షన్‌లోకి దిగే మర దగ్గర కూడా కదలిక ఉంటుందని చూపాడు. గట్టిగా బిగించిన ఉక్కు మీద ఉక్కే కదులుతుంటే, ఉక్కు మీద చెక్క గురించి చెప్పేదేముంది. మంచి స్టాక్ వల్ల రైఫిల్ బాగా కొడుతుంది అనే మాటకు నా అభ్యంతరం ఇక్కడే. మంచి స్టాక్ అంటే తప్పు కలపనిది. మంచి బారెల్‌లో లేని గుణాన్ని అది తెచ్చి పెట్టలేదు.

ఇక చెక్క సంగతి. చెక్క చచ్చిన తర్వాత కూడా గాలితో లావాదేవీ మానదు. వానాకాలంలో తలుపు దారబందరానికి బిగుసుకుపోవడం, వేసవిలో వదులవడం ఇంటింటా చూసేదే. ఆ తలుపు నిలువునా పొడుగు పెరగదు, అడ్డంగా ఊరుతుంది. నార వెంట చెక్క మార్పు పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా నూటికి 0.1, 0.2 మించదు. నారకు అడ్డంగా అలా కాదు. తుపాకులకు ఎక్కువగా వాడిన నల్ల వాల్‌నట్ పచ్చి నుంచి పూర్తిగా ఎండితే, వలయాల వెంట నూటికి 7.8, వలయాలకు అడ్డంగా 5.5 దాకా కుంచించుకుపోతుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్న చోట చెక్క తన బరువులో ఆరు శాతం నీటితో స్థిరపడుతుంది, 80 శాతం ఉన్న చోట పదహారుకు చేరుతుంది. ఏప్రిల్ ఎండలో హైదరాబాద్‌లో గూటిలో పెట్టిన రైఫిల్‌ను వానాకాలంలో విశాఖకు తెచ్చి నెలల తరబడి ఉంచితే ఇంచుమించు అంత తేడా చూస్తుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పున్న చెక్క ఆ పది శాతం తేడాను పూర్తిగా పీల్చుకుంటే ఒక మిల్లీమీటర్ దాకా ఊరగలదు. నూనె, వార్నిష్ ఆ పీల్చడాన్ని నెమ్మది చేస్తాయి గాని ఆపలేవు. పదో వంతు మిల్లీమీటర్‌కు 25 మిల్లీమీటర్ల తప్పు అన్న పై లెక్కను దీని పక్కన పెడితే ఆందోళన ఎక్కడిదో తెలుస్తుంది. చెక్క ఎప్పుడూ సమంగా ఊరదు కూడా. నార వంకరగా ఉంటే మెలి తిరుగుతుంది. అందుకే పాత తుపాకీ వడ్రంగులు నిటారు నార, చేవ, ఏళ్ల తరబడి ఆరబెట్టిన దిమ్మెల కోసం అంత వెతికేవారు.

దీన్ని చదివినవాళ్లు వెంటనే ఒక అభ్యంతరం చెప్పగలరు: పదార్థమే అంతా నిర్ణయిస్తోందని మీ మాటల్లోనే తేలుతోంది కదా, సైన్యాలు చెక్కను వదిలేసింది అందుకే కదా అని. బలమైన అభ్యంతరమే. అమెరికన్ మెరైన్ దళం 1966లో తీసుకున్న ఎం40 స్నైపర్ రైఫిల్‌కు వాల్‌నట్ స్టాక్ ఉండేది. వియత్నాం అడవుల తేమలో ఆ చెక్క ఉబ్బింది, వంకరపోయింది. 1970లలో వచ్చిన ఎం40ఎ1కు మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్ పెట్టారు. 1988లో అమెరికన్ సైన్యం తీసుకున్న ఎం24 ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని కృత్రిమ స్టాక్ లోపల యాక్షన్ కూర్చునే అల్యూమినియం దిమ్మెనే పొదిగారు. అయితే ఆ చెక్క చేసిన తప్పేమిటో చూడండి. స్టాక్ వాల్‌నట్ కావడం వల్ల బారెల్ గుణం చెడలేదు. ఊరిన చెక్క యాక్షన్‌ను, బారెల్‌ను తాను కూర్చోబెట్టిన చోటి నుంచి జరిపింది. ఎండిన రోజు అదే రైఫిల్ మళ్లీ చక్కగా కొట్టగలదు, కాకపోతే వేరే చోట. స్నైపర్‌కు ఆ వేరే చోటే ప్రమాదం, ఎందుకంటే అతనికి సరిదిద్దుకునే రెండో తూటా ఉండకపోవచ్చు. వరుసగా కొట్టిన తూటాల రంధ్రాల గుంపును గ్రూప్ అంటారు. గ్రూప్ ఎంత చిన్నది అన్నదీ, ఆ గ్రూప్ మధ్యబిందువు ఎన్నాళ్లు అక్కడే ఉంటుంది అన్నదీ రెండు వేరు సంగతులు. పదార్థం ప్రభావం రెండోదాని మీద చాలా ఎక్కువ, మొదటిదాని మీద తక్కువ. పదార్థాల గురించిన వాదాల్లో సగం గందరగోళం ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లే పుడుతోందని నా నమ్మకం.

చెక్కను వదలకుండానే కూర్పును కాపాడుకున్న ఉదాహరణలు చరిత్రలో చాలా ఉన్నాయి, నాకు ఈ విషయంలో అందరికంటే ఎక్కువ చెప్పేవి అవే. ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారం లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకు వాల్‌నట్ దొరక్క స్థానికమైన క్వీన్స్‌ల్యాండ్ మేపుల్, కోచ్‌వుడ్ వాడింది. ఆ చెక్కలు మెత్తన. పేలిన కొద్దీ యాక్షన్ ఆనే గోడలు నలిగిపోయేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడివాళ్లు పేలుడు వెనుదన్ను (రికాయిల్) తగిలే ఆ రెండు చోట్లా చిన్న రాగి రేకులు పొదిగారు. కలప మెత్తగానే ఉంది, ఒత్తిడి పడే చోటు మాత్రం గట్టిపడింది. మన పోలీసుల భుజాల మీద దశాబ్దాల పాటు వేలాడిన త్రీనాట్‌త్రీ కూడా ఈ వంశానిదే. దాన్ని తయారుచేసిన ఇషాపూర్ కర్మాగారం స్టాక్ ముందు భాగం చీలిపోకుండా అడ్డంగా ఒక మరను బిగించేది. జర్మన్లు 1930ల చివర్లో తమ మౌజర్ రైఫిల్‌కు పలుచని పొరలు జిగురుతో అతికించిన ల్యామినేట్ స్టాక్ తెచ్చారు. అందులో ఒక పొర వంగబోతే పక్క పొర అడ్డుకుంటుంది. బ్రిటన్‌లో హాలండ్ అండ్ హాలండ్ సంస్థ 1942 నుంచి నంబర్ 4 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో బాగా కొట్టేవాటిని ఏరి స్నైపర్ రైఫిళ్లుగా మార్చినప్పుడు, టెలిస్కోప్ బిగించడంతో పాటు చెక్కను మళ్లీ శ్రద్ధగా కూర్చడం ఆ పనిలో ముఖ్య భాగం. చెక్క అదే, కూర్చిన చెయ్యి వేరు.

ఇక్కడ ఇంకో అభ్యంతరం ఉంది, దీనికి మాత్రం ఒక్క మాటలో జవాబు లేదు. బారెల్‌ను ఏదీ తాకకూడదు, స్వేచ్ఛగా వదలాలి అని ఈ రోజుల్లో దాదాపు సూత్రంలా చెబుతారు. లీ-ఎన్‌ఫీల్డ్ కొస దగ్గర మాత్రం స్టాక్ ముందు భాగం బారెల్‌ను కొన్ని పౌండ్ల బలంతో కావాలనే పైకి నెడుతుంది. అయినా దూరపు పోటీల్లో, 900, 1000 గజాల దగ్గర, ఆ రైఫిల్ ఊహించినదాని కంటే బాగా కొట్టేది. దాని యాక్షన్ నిలువుగా వంగే తీరు వల్ల నెమ్మదిగా వెళ్లే తూటాలు కొస పైకి లేస్తున్న క్షణంలో బయటపడేవి, వేగమైనవి కాస్త ముందే. నెమ్మదైన తూటా ఎక్కువ కిందికి రాలే దూరంలో ఆ తేడా కొంత సర్దుకునేది. కాబట్టి వదిలేయడమే దారి అన్న మాట అంత గట్టిగా చెప్పలేం. వదిలేయడం తేలికైన దారి, అంతే. ఒత్తిడి ఒకేలా ఉంచగలిగితే ఒత్తిడి కూడా పనికొస్తుంది, చెక్కతో అలా ఉంచడం కష్టం. వాల్‌నట్ స్టాక్ ఒత్తిడితో బాగా కొట్టిన రైఫిళ్లు వాన పడ్డాక చెడడానికి కారణం అదే. అడిగిన ఒత్తిడి ఇవ్వడం చెక్కకు చేతకాలేదని కాదు, ఇచ్చిన ఒత్తిడిని మార్చకుండా ఉండడం చేతకాలేదు.

కృత్రిమ పదార్థాల వైపు చూసినా ఇదే కథ. అచ్చులో పోసిన చవక ప్లాస్టిక్ స్టాక్ తేమకు చెక్కలా ఊరదు. కానీ దాని ముందు భాగం మెత్తగా ఉంటే, బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల ఊతం) మీద భారం వేసినా, స్లింగ్ (పట్టీ) బిగించి లాగినా వంగి బారెల్‌కు తగులుతుంది. వాతావరణాన్ని గెలిచింది, చేతికి ఓడింది. అటు చివర అల్యూమినియం చాసిస్ ఉంది. యాక్యురసీ ఇంటర్నేషనల్ సంస్థ 1980లలో బ్రిటిష్ సైన్యానికి ఇచ్చిన ఎల్96ఎ1 రైఫిల్‌లో యాక్షన్ అల్యూమినియం చట్రం మీద కూర్చుంటుంది, బయటి ప్లాస్టిక్ తొడుగు చెయ్యి పట్టుకోవడానికి మాత్రమే. లోహం మీద లోహం కాబట్టి బెడ్డింగ్ అవసరం లేదని అనుకోవచ్చు. ఆ సంస్థ మాత్రం యాక్షన్‌ను మరలతో బిగించడమే కాక ఎపాక్సీ జిగురుతో అతికించింది. ఈ సంస్థ స్థాపకుల్లో ఒకరైన మాల్కమ్ కూపర్ 1984లోను, 1988లోను 50 మీటర్ల త్రీ పొజిషన్స్ రైఫిల్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు. ఎక్కడ కదలిక పుడుతుందో అతనికి తెలుసు. అల్యూమినియానికి తనదైన బలహీనత కూడా ఉంది: ఉక్కు కంటే రెండింతలు వేడికి సాగుతుంది. మరల మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉంటే, 10 డిగ్రీల తేడాకు మిల్లీమీటర్‌లో రెండు వందవ వంతుల పైన జరుగుడు వస్తుంది. అది పొడవు వెంట కాబట్టి పెద్దగా బాధించదు, కానీ లోహం అంటే కదలనిదని అనుకోవడం సరికాదని చూపడానికి చాలు. ఉక్కు స్తంభాలు పొదిగి మరలను వాటి మీద ఆనించే పిల్లర్ బెడ్డింగ్, లగ్ చుట్టూ ఎపాక్సీ పోసి ఖాళీ లేకుండా అచ్చు తీయడం, ఇవన్నీ చెక్కకూ ఫైబర్‌గ్లాస్‌కూ సమానంగా పనికొస్తాయి. అందుకే ఒక మంచి కూర్పున్న చెక్క స్టాక్, కూర్పు లేని ఖరీదైన కార్బన్ ఫైబర్ స్టాక్‌ను ఓడించగలదు.

దీనికి రుజువేమిటి, ఫలానా స్టాక్ మార్చాక నా రైఫిల్ గ్రూప్ సగమైంది కదా అని చాలామంది చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ మూడు తూటాల గ్రూప్ ఎంత నమ్మదగినదో లెక్కలు చెబుతాయి. రైఫిల్‌లో ఏమీ మార్చకుండా మళ్లీ మళ్లీ మూడేసి తూటాలు కొడితే, గ్రూప్ వెడల్పు సగటుకు 37 శాతం అటూ ఇటూ ఊగడం సహజం. అయిదు తూటాలకు అది 27 శాతానికి తగ్గుతుంది. తూటాల సంఖ్య పెరిగితే గ్రూప్ కూడా పెద్దదవుతుంది. సగటున అయిదు తూటాల గ్రూప్ కంటే పది తూటాలది దాదాపు నాలుగో వంతు ఎక్కువ వెడల్పు. కాబట్టి కొత్త స్టాక్‌తో ఒక చక్కని మూడు తూటాల గ్రూప్ వచ్చిందంటే స్టాక్ మంచిదని చెప్పడానికి ఆధారం దాదాపు లేనట్టే. పైగా స్టాక్ మార్చినవాడు మరలు కొత్తగా, సమానంగా బిగించి ఉంటాడు. బారెల్‌కు తగిలే చోటు పోయి ఉంటుంది. రైఫిల్ బరువు మారి ఉంటుంది. వీటన్నిటి ఫలితం పదార్థం ఖాతాలో పడుతుంది. నేను చెప్పే మాటను కూడా ఇదే తూకంలో వేయాలి. కూర్పే ముఖ్యమని నేను అనడానికి ఆధారం గ్రూపుల పోటీ కంటే ఎక్కువగా యంత్రశాస్త్రం, మాన్ చూపిన స్టాక్ లేని ప్రయోగం, సైన్యాలు ఎక్కడ మరమ్మతు చేశాయన్న చరిత్ర.

మనిషి మాటేమిటి అని చివరి అభ్యంతరం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది వలయం అర మిల్లీమీటర్ చుక్క. అక్కడ వెనుదన్ను చాలా తక్కువ, కూర్పు మీద పడే ఒత్తిడి తక్కువ. స్టాక్ చేసే పెద్ద పని షూటర్ ఒంటికి సరిపోవడం: చెంప పలక ఎత్తు, భుజం పలక కోణం, చేతి పట్టు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో మోకరిల్లి, పడుకుని, నిలబడి మూడు రకాలుగా రైఫిల్‌ను సర్దుకోవాలి. ఈ పనికి అల్యూమినియం స్టాక్‌కు నిజమైన మేలు ఉంది, ఎందుకంటే దానికి సర్దుబాట్లు ఎన్నైనా అమర్చవచ్చు. జర్మనీలోని ఆన్‌షుట్జ్ చెక్కతోనూ అల్యూమినియంతోనూ స్టాక్‌లు చేస్తుంది. ఆ ఎంపికలో నేను అభ్యంతరం పెట్టను. అయితే ఆ రెండింటిలో ఏది తీసుకున్నా పోటీ షూటర్లు మరలను టార్క్ రెంచితో కొలిచి బిగిస్తారు, ఆ కొలత రాసుకుంటారు, రైఫిల్ విప్పి మళ్లీ కూర్చినప్పుడు అదే కొలతకు తెస్తారు.

ఎవరికైనా తమ రైఫిల్ కూర్పు మీద అనుమానం ఉంటే కొత్త స్టాక్ కొనే ముందు చేయదగ్గ పని ఒకటుంది. ఖాళీ రైఫిల్‌ను గట్టిగా నిలబెట్టి, సన్నని కదలికలను సూదితో చూపే డయల్ గేజ్‌ను బారెల్‌కు బిగించి దాని మొన స్టాక్ ముందు భాగానికి తగిలేలా ఉంచి, వెనుక మర బిగించే ఉంచి ముందు మరను నెమ్మదిగా వదులు చేయాలి. తర్వాత ముందు మర బిగించి వెనుకది. సూది మిల్లీమీటర్‌లో ఐదు వందవ వంతులకు మించి కదిలితే యాక్షన్ వంగి కూర్చుంది, మర వదిలేసరికి తిరిగి సాగింది అని అర్థం. అలాంటప్పుడు లగ్ దగ్గరా, మరల చుట్టూ ఎపాక్సీ వేసి కూర్పు సరిచేసి మళ్లీ కొలవడం కొత్త స్టాక్ ఖరీదులో చిన్న భాగమే అవుతుంది. ఒకవేళ కొత్త స్టాకే కొన్నా, అది ఏ పదార్థంతో చేసినదైనా, అదే గేజ్ దాని మీద కూడా పెట్టి చూడాలి.